పదకొండులో గ్లోబల్ పాలిటిక్స్ తీసుకుంటానంటోంది మా అమ్మాయి, చదివినవాళ్లు చెప్పండి

నిజాంపేట్_అమ్మ
మా పెద్దది పదో తరగతి పరీక్షలు రాసేసింది. వాళ్ల స్కూల్లోనే పదకొండు నుంచి ఐబీ డిప్లొమా (ఇంటర్నేషనల్ బాకలారియేట్, పదకొండు, పన్నెండు తరగతులకి ఉండే అంతర్జాతీయ కోర్సు) ఉంది, అక్కడే చదువుతానంటే సరేనన్నాం. మొన్న సబ్జెక్టుల ఫారం ఇచ్చారు, శుక్రవారంలోగా తిరిగి ఇచ్చేయాలి. అందులో గ్లోబల్ పాలిటిక్స్ దగ్గర హయ్యర్ లెవెల్ అని టిక్ పెట్టుకొచ్చింది. మా ఆయన చూసి "రాజకీయాలు చదవడమేంటి, ఎలక్షన్లో నిలబడతావా" అన్నారు. అన్నం ప్లేటు అలాగే వదిలేసి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రాత్రి మా అత్తయ్య మెట్‌పల్లి నుంచి ఫోన్ చేసి, ఆడపిల్లకి రాజకీయాలెందుకే, చక్కగా డాక్టర్ చదివించండి అంది. నేను బీకాం చదివినదాన్ని, ఈ సబ్జెక్టులో ఏముంటుందో, రేపు దేనికి పనికొస్తుందో నాకు నిజంగా తెలియదు. ఎందుకే నీకు ఇదే కావాలి అని అడిగితే, "వార్తలు సగం అర్థమై సగం అర్థం కాకుండా వదిలేయడం నాకు ఇష్టం లేదమ్మా" అంది. ఆ మాట విన్నాక వద్దని చెప్పడానికి నోరు రావడం లేదు. చదివినవాళ్లు, పిల్లల్ని చదివించినవాళ్లు ఉంటే చెప్పండి.

మణికొండ_మూర్తి
మీవారు చెప్పిందే నేనూ చెబుతాను. ఏడాదికి లక్షలు కట్టి చదివిస్తున్నారు. వార్తలు అర్థం కావాలంటే రోజూ పేపరు చదివితే సరిపోతుంది. కంప్యూటర్ సైన్స్ తీసుకోమనండి. ఇష్టాలు సెలవుల్లో తీర్చుకోవచ్చు, సీటు మళ్లీ రాదు.

ఐబీ_కొత్త_బ్యాచ్
మూర్తి అంకుల్, రెండిట్లో ఒకటే తీసుకోవాలని లేదు. ఐబీలో మొత్తం 6 సబ్జెక్టులు, గ్రూపుకొకటి. గ్లోబల్ పాలిటిక్స్ గ్రూప్ 3, కంప్యూటర్ సైన్స్ గ్రూప్ 4, మ్యాథ్స్ గ్రూప్ 5. స్కూల్ టైంటేబుల్ కుదిరితే మూడూ తీసుకోవచ్చు. ఆంటీ, నేను కొత్త సిలబస్ బ్యాచ్ (2024లో మొదలైంది, దానికి మొదటి పరీక్షలు 2026లో), కాబట్టి లోపల ఏముంటుందో చెప్పగలను. ముందు అధికారం అంటే ఏంటి, సార్వభౌమత్వం అంటే ఏంటి (ఒక దేశం మీద బయటివాళ్ల పెత్తనం లేకపోవడం), లెజిటిమసీ అంటే ఏంటి (వీళ్లకి మమ్మల్ని పాలించే హక్కు ఉంది అని జనం ఒప్పుకోవడం), దేశాలు ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడతాయి అన్నవి. ఆ తర్వాత హక్కులు, న్యాయం ఒక భాగం, అభివృద్ధి, సుస్థిరత ఇంకో భాగం, శాంతి, సంఘర్షణ మూడోది. పేర్లు చూస్తే చాలా తేలిగ్గా కనిపిస్తుంది, నేనూ అలాగే అనుకుని చేరాను.

మొదటి వ్యాసం ఉక్రెయిన్ యుద్ధం మీద రాశాను. రెండు పేజీలు, చాలా ఆవేశంగా. 7కి 3 వచ్చింది. మా మేడం ప్రతి పేరా పక్కనా ఎర్ర పెన్నుతో మూడే ప్రశ్నలు రాశారు, "ఎవరన్నారు? ఎప్పుడన్నారు? అవతలివాళ్లు ఏమంటారు?" ఆ కాగితం ఇప్పటికీ నా బల్ల ముందు గోడకి అంటించి ఉంది. మళ్లీ రాసినప్పుడు ఒక్క ఓటింగ్ పట్టుకున్నాను. 2022 మార్చి 2న ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీలో రష్యా దాడిని ఖండించే తీర్మానానికి 141 దేశాలు అనుకూలం, 5 వ్యతిరేకం, 35 తటస్థం. మన దేశం ఆ 35లో ఉంది. ఎందుకుంది? ఆయుధాలు రష్యా నుంచి వస్తాయి, అప్పుడు మన మెడికల్ విద్యార్థులు వేలమంది ఉక్రెయిన్‌లో చిక్కుకుని ఉన్నారు, వాళ్లని తీసుకురావడానికి ఆపరేషన్ గంగ విమానాలు తిరుగుతున్నాయి. అది సరైన నిర్ణయం అనేవాళ్ల వాదన ఒక పక్క, ఒక దేశం సరిహద్దుని ఇంకో దేశం తుడిచేస్తుంటే మౌనంగా ఉండటమేంటి అనేవాళ్ల వాదన ఇంకో పక్క పెట్టి, చివర నా అభిప్రాయం చెప్పాను. 6 వచ్చింది.

నిజాంపేట్_అమ్మ
ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్ నాన్నా, మా అమ్మాయికి చదివి వినిపించా. హయ్యర్‌కీ స్టాండర్డ్‌కీ తేడా ఎంత?

ఐబీ_కొత్త_బ్యాచ్
స్టాండర్డ్ 150 గంటలు, హయ్యర్ 240 గంటలు ఆంటీ. హయ్యర్‌లో అదనంగా సరిహద్దులు, ఆరోగ్యం, పేదరికం, టెక్నాలజీ లాంటి సమస్యల్ని లోతుగా పట్టుకుని చదవాలి, ఇంకో పేపర్ కూడా ఉంటుంది. ఇది కాకుండా అందరికీ ఎంగేజ్‌మెంట్ ప్రాజెక్ట్ అని ఉంది. ఒక రాజకీయ సమస్య ఎంచుకుని, దాంతో సంబంధం ఉన్న మనుషుల్ని నేరుగా కలిసి, రిపోర్ట్ రాయాలి. స్టాండర్డ్‌కి 2000 పదాలు, హయ్యర్‌కి 2400.

సివిక్స్_టీచర్_22
22 ఏళ్లుగా ఈ సబ్జెక్టు చెబుతున్నాను. ముందు స్టేట్ సిలబస్, తర్వాత సీబీఎస్ఈ. నిజాంపేట్ అమ్మగారూ, మీ ఇంట్లో సగం గొడవ ఆ మాట దగ్గరే వచ్చింది. మన భాషలో రాజకీయం అనగానే మనసులోకి వచ్చేది మంచి అర్థం కాదు. ఆఫీసులో రాజకీయాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లో రాజకీయాలు, "నా దగ్గర రాజకీయం చేయకు" అంటాం. అందుకని పిల్ల పాలిటిక్స్ అనగానే తండ్రికి జెండాలు, కండువాలు కనిపిస్తాయి. మీవారితో రాజనీతి శాస్త్రం అని చెప్పి చూడండి, సగం వేడి తగ్గుతుంది. పేరు గొప్పగా ఉంటుందని కాదు నేననేది, సంగతి అదే కాబట్టి. ఒక నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఎవరి మీద పడింది, కాదనే హక్కు ఎవరికుంది, ఈ మూడూ అడగడం నేర్పే చదువు అది. పదహారేళ్ల పిల్లకి అంతకంటే పనికొచ్చేది ఏముంది?

డల్లాస్_శ్రీను
సివిక్స్ టీచర్ గారి మాటకి నా అనుభవం చెబుతా. 2023 జులై 20న ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. ఆ వార్త రాగానే ఇక్కడ ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్లు సోనా మసూరి కోసం క్యూ కట్టారు. మనిషికి ఒక్క బస్తానే అని అట్ట మీద రాసి తలుపుకి అంటించారు. నేను 20 పౌండ్ల బస్తా భుజాన వేసుకుని కారు దాకా నడుస్తుంటే మా వాడు, ఏడో తరగతి, "డాడీ, అక్కడ ఎవరో సంతకం పెడితే ఇక్కడ మనకి అన్నం ఎందుకు ఉండదు" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. వర్షాలు, ధరలు, ఎన్నికలు, పక్క దేశాలకి తిండి, ఇవన్నీ కలిస్తే వచ్చే సమాధానం అది. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు, నేను మాత్రం అప్పటి నుంచి ఇలాంటివి చదవడం మొదలుపెట్టాను. మీ అమ్మాయికి పదహారేళ్లకే ఆ బుద్ధి పుట్టింది, వద్దనకండి.

మణికొండ_మూర్తి
బియ్యం సంగతి బాగుంది శ్రీనూ, కానీ మీరు ఆ బస్తా కొన్నది సాఫ్ట్‌వేర్ జీతంతో. నేను అడిగేది అదే. ఈ సబ్జెక్టు చదివి డిగ్రీ చేసిన పిల్లకి మొదటి ఉద్యోగం ఎక్కడ? మా పెద్దనాన్న కొడుకు ఎంఏ పొలిటికల్ సైన్స్, నాలుగేళ్లు ఖాళీగా ఉన్నాడు. ఆ ఇంట్లో ఆ నాలుగేళ్లూ నేను చూశాను, పండక్కి వెళ్లినా ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అందుకే భయపడి చెబుతున్నా, వెటకారానికి కాదు.

చిక్కడపల్లి_లైబ్రరీ
మూర్తి అన్నా, మీ భయం నాకర్థమైంది, మా ఇంట్లో కూడా ఇదే భయం. కానీ సాఫ్ట్‌వేర్‌ది గట్టి నేల అని మాత్రం అనుకోవద్దు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఒక్క ప్రకటన చేస్తే కొత్త హెచ్1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు వచ్చి పడింది. ఆ వారం మీ మణికొండలో, మా అశోక్‌నగర్‌లో ఎక్కడ చాయ్ తాగినా అదే మాట. ప్రపంచ రాజకీయం మనం చదవకపోయినా మన ఇంటికి వస్తూనే ఉంటుంది.

ఉద్యోగం సంగతికొస్తే, నేను సివిల్స్‌కి చదువుతున్నా. మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్లో అంతర్జాతీయ సంబంధాలు ఉన్నాయి, ఆప్షనల్‌గా రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు అని ఒక సబ్జెక్టే ఉంది. నేను బీటెక్ చేసి 24 ఏళ్లకి సార్వభౌమత్వం అంటే ఏంటో మొదటిసారి చదివాను. పొద్దున ఏడింటికి లైబ్రరీలో సీటు కోసం లైన్లో నిలబడి పునాదుల నుంచి మొదలుపెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇది పదకొండులోనే చదివుంటే బాగుండేది అని రోజూ అనుకుంటా.

లా_చదువుతున్నా
ఉద్యోగం అంటే సివిల్స్ ఒక్కటే కాదు. క్లాట్ (లా కోర్సు ప్రవేశ పరీక్ష) రాయడానికి పన్నెండులో ఏ గ్రూప్ అయినా ఫర్వాలేదు, ఐదేళ్ల లా కోర్సు మన శామీర్‌పేట నల్సార్‌లోనే ఉంది. జర్నలిజం, విధాన పరిశోధన, స్వచ్ఛంద సంస్థలు కూడా ఉన్నాయి. పన్నెండు కాగానే ఉద్యోగం ఇప్పించే సబ్జెక్టు మాత్రం ఇది కాదు, పైచదువు తప్పనిసరి. అది ముందే తెలిసి దిగాలి.

నేను రాయాలనుకున్నది వేరే. సార్వభౌమత్వం అనే మాట నాకు పుస్తకంలో అర్థం కాలేదు, నిజాం డబ్బు కేసు చదివితే అర్థమైంది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ ప్రభుత్వం పేరు మీదున్న దాదాపు 10 లక్షల పౌండ్లు లండన్లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకి వెళ్లాయి. రోజుల్లోనే హైదరాబాద్ భారత్‌లో కలిసింది. నాకు తెలియకుండా పంపారు, నా డబ్బు నాకివ్వండి అని నిజాం అడిగారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. కేసు అప్పట్లోనే హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది, 1957లో వాళ్లు ఏమన్నారంటే, పాకిస్తాన్ సార్వభౌమ దేశం, దాని ఇష్టం లేకుండా దాన్ని మా కోర్టులోకి లాగలేం అన్నారు. అంతే, డబ్బు అక్కడే ఉండిపోయింది. చివరికి 2013లో పాకిస్తానే ఆ డబ్బు నాది అని కోర్టుకెళ్లడంతో ఆ రక్షణ పోయింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు భారత్‌కీ నిజాం వారసులకీ అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అప్పటికి అది దాదాపు 3.5 కోట్ల పౌండ్లు అయింది. ఒక్క మాట వల్ల 70 ఏళ్లు బ్యాంకులో ఆగిన డబ్బు. మన ఊరి కథ ఇది, మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు!

బర్కత్‌పుర_రిటైర్డ్
పై పోస్టు చూసి రాయకుండా ఉండలేకపోయాను. నా చేత్తో టైప్ చేయడం నిదానం, ఓపిక పట్టండి. ఆ సెప్టెంబరులో నాకు ఏడేళ్లు. మా ఇంట్లో రేడియో లేదు, పక్కింటి వకీలు గారింట్లో ఉండేది. పెద్దవాళ్లంతా ఆ గదిలో చేరి తలుపు గడియ పెట్టుకున్నారు. మమ్మల్ని పిల్లల్ని రానివ్వలేదు, కిటికీ కింద కూర్చున్నాం. 17వ తేదీ సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడారు. గదిలోంచి బయటికి వచ్చినవాళ్లలో ఒకాయన మొహం వెలిగిపోతోంది, వెనకే వచ్చిన ఇంకొకాయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ మా గల్లీ వాళ్లే, ఇద్దరూ నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్లే. ఎందుకు ఒకరు నవ్వారు, ఒకరు ఎందుకు ఏడ్చారు అని మా నాన్నని అడిగితే చెంప మీద ఒకటి వేశారు. తరువాత తెలిసింది, ఆగస్టులోనే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఉత్తరం రాసిందని, 16న పారిస్‌లో మండలి ఈ హైదరాబాద్ సంగతి మాట్లాడిందని. మా గల్లీ మీద పారిస్‌లో చర్చ జరిగిందంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. అమ్మాయిని చదవనివ్వండి తల్లీ. నేను అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పగల బడి నాకు దొరకలేదు.

మల్కాజిగిరి_వెంకట్
పెద్దాయనకి నమస్కారం. అది విమోచనం అని మాత్రం రాయండి. రజాకార్ల చేతిలో మా తాత వాళ్ల ఊరు ఏమైందో మా ఇంట్లో తెలుసు.

పాతబస్తీ_బిడ్డ
మా ఇంట్లోనూ తెలుసు వెంకట్ భాయ్, ఆ తర్వాత నెలల్లో జిల్లాల్లో మావాళ్లకి ఏమైందో కూడా. మేం విలీనం అనే అంటాం.

మల్కాజిగిరి_వెంకట్
నేను ఒక మతం వాళ్లని అనలేదు.

పాతబస్తీ_బిడ్డ
నేనూ అలా అనుకోలేదు. రెండూ జరిగాయి అంటున్నా, ఒకటి చెప్పి ఒకటి దాచొద్దు.

సివిక్స్_టీచర్_22
మీరిద్దరూ ఇప్పుడు చేసింది నా క్లాసులో జరగాలని నేను ఏటా కోరుకుంటాను. ఒకే రోజుని ప్రభుత్వాలే మూడు పేర్లతో పిలిచాయి చూడండి. 2022లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినం అంది, అదే ఏడు అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, 2023 డిసెంబరులో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది. పేరు పెట్టేది ఎవరు, ఆ పేరుతో ఎవరి బాధ గుర్తుంటుంది, ఎవరిది పక్కకి పోతుంది? ఇది రాజనీతి శాస్త్రం కాకపోతే ఇంకేంటి. పాఠంలో నా సొంత పేరు నేను చెప్పను. పిల్లలు ఏడాది చివర్లో అడుగుతారు, అప్పుడు కూడా చెప్పను.

హెచ్ఈసీ_హరి
అందరూ బాగా రాస్తున్నారు, నాకో బాధ ఉంది, చెబుతా. ఇక్కడ మాటలన్నీ లక్షల ఫీజు స్కూల్ దగ్గరే తిరుగుతున్నాయి. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో హెచ్ఈసీ, తెలుగు మీడియం. హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్. పదిలో మంచి మార్కులొచ్చి హెచ్ఈసీ తీసుకున్నానని మా బంధువులు "మార్కులు రాలేదా" అని అడిగేవారు. నా పక్కన కూర్చున్నవాళ్లలో సగం మంది ఎంపీసీ ఫీజు కట్టలేక వచ్చినవాళ్లే, ఇష్టపడి వచ్చినవాడిని నేనొక్కడినే. మా సార్ ప్రపంచపటం చుట్ట చంకలో పెట్టుకుని వచ్చేవారు, దాని అంచులు చిరిగిపోతే గోధుమరంగు టేపు వేశారు, ఆ టేపు కింద సగం జపాన్ కనపడేది కాదు. ఆ పటం మీదే సూయజ్ కాలువ చూపించి, 1956లో ఈజిప్ట్ అధ్యక్షుడు నాసర్ దాన్ని జాతీయం చేస్తే బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ దాడికి వచ్చి, అమెరికా ఒత్తిడికి ఎలా వెనక్కి తగ్గాయో గంటసేపు చెప్పారు. నేను ఎంఏ ఉస్మానియాలో చేశాను, ఇప్పుడు అదే సబ్జెక్టు చెబుతున్నా. ఐబీ లేనివాళ్లకి దారి లేదనుకోకండి. సీబీఎస్ఈ పన్నెండులో సమకాలీన ప్రపంచ రాజకీయాల మీద పూర్తి పుస్తకం ఉంది, ఎన్‌సీఈఆర్‌టీ సైట్లో ఉచితం. అయితే సిలబస్ తగ్గింపులో ప్రచ్ఛన్న యుద్ధం పాఠం, అమెరికా ఆధిపత్యం పాఠం తీసేశారు. నాకు చాలా కోపం వచ్చింది. అమెరికా, సోవియట్ యూనియన్ అనే రెండు ధ్రువాల ప్రపంచం ఎలా ఉండేదో చెప్పకుండా అది ఎలా ముగిసిందో చెప్పమంటే పిల్లాడు ఏం అర్థం చేసుకుంటాడు? పాత పుస్తకం సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలకండి.

చిక్కడపల్లి_లైబ్రరీ
హరి సార్, ఆ పాత పుస్తకం మా దగ్గర చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది, అయినా ఇప్పటికీ లైన్లో ఉన్నారు దానికి.

తార్నాక_తల్లి
అందరూ తీసుకోమంటున్నారు కాబట్టి మా చేదు అనుభవం కూడా వినండి. మా అబ్బాయి ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో ఇదే సబ్జెక్టు తీసుకున్నాడు. రెండు నెలలకి టీచర్ మానేశారు. తర్వాత హిస్టరీ ఆయన్ని వేశారు, ఆయన పాపం మంచివారే, కానీ ఈ సిలబస్ ఎప్పుడూ చెప్పలేదు. డిసెంబరు దాకా పిల్లలు యూట్యూబ్ చూసి నోట్స్ రాసుకున్నారు. మేం ఫీజు మాత్రం పూర్తిగా కట్టాం. స్కూలుకి మూడుసార్లు వెళ్లాను, ప్రతిసారీ "వచ్చేవారం కొత్త టీచర్" అనేవారు. మావాడు రాత్రిళ్లు కూర్చుని 5 తెచ్చుకున్నాడు, వాడికి 7 వచ్చే తెలివి ఉంది. అందుకని శుక్రవారానికి ముందే వెళ్లి ఆ సబ్జెక్టు చెప్పే మనిషిని చూపించమనండి, ఎన్ని బ్యాచులకి చెప్పారో అడగండి. ఇంకొకటి, క్లాసులో ఎంతమంది ఉన్నారో కూడా. మావాడి క్లాసులో నలుగురే, వాదన పెట్టుకుందామన్నా మనుషులు లేరు.

ఐబీ_కొత్త_బ్యాచ్
ఆంటీ చెప్పింది వందశాతం నిజం. ఈ సబ్జెక్టు టీచర్ మీద ఎక్కువ నడుస్తుంది. ఇంకో మాట, ఇంజనీరింగ్ ఆలోచన ఒక్క శాతం ఉన్నా ముందే చెప్పమనండి. దానికి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ ఉండాలి. గ్రూప్ 6లో ఆర్ట్స్ బదులు కెమిస్ట్రీ పెట్టుకుంటే గ్లోబల్ పాలిటిక్స్‌తో కలిపి కూడా కుదురుతుంది, కానీ చాలా బరువు. మా క్లాసులో ఒకమ్మాయి అలా చేస్తోంది, నిద్ర సరిగ్గా పోదు.

జగిత్యాల_కోడలు
ఎంగేజ్‌మెంట్ ప్రాజెక్ట్ గురించి పైన రాశారు కదా, మా ఆడపడుచు కూతురు చేసింది చెబుతా. ముందు ఇంట్లో "నాకు ఎంగేజ్‌మెంట్ ఉంది, జగిత్యాల వెళ్లాలి" అంటే వాళ్ల నానమ్మ "పిల్లోడు ఎవరే" అంది. ఆ నవ్వులు అయ్యాక విషయం తెలిసింది, గల్ఫ్ వలస మీద చేస్తోంది.

నాలుగు రోజులు మా ఇంట్లో ఉంది. నేనే తోడు వెళ్లాను. ఒక ఇంట్లో ఆమె బిస్కెట్ల డబ్బా తీసి, పాలిథిన్ కవర్లో చుట్టిన పాస్‌పోర్టు బయటపెట్టింది, భర్తది. పదో తరగతి తప్పాడు కాబట్టి దాంట్లో ఈసీఆర్ అని ముద్ర ఉంది, అంటే 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రభుత్వం క్లియరెన్స్ ఉండాలి. దోహాలో యజమాని వదిలితే తప్ప ఇంకో కంపెనీకి మారడానికి లేకుండా ఆరేళ్లు పనిచేశాడట. ఈ పిల్ల తను చదువుకున్నది చెప్పింది, 2020లో ఖతార్ ఆ నిబంధన తీసేసింది, 2021 మార్చి నుంచి నెలకి కనీసం 1000 రియాళ్ల జీతం అని చట్టం తెచ్చింది అని. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆయన 2019లో వచ్చేసిండు బిడ్డా" అంది. అంతే. పిల్ల పెన్ను పక్కన పెట్టేసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి రిపోర్ట్ మొదటి వాక్యం ఆ మాటతోనే మొదలుపెట్టింది. చట్టం ఎప్పుడు మారింది, మార్చమని ఎవరు ఒత్తిడి చేశారు, ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ లేకపోతే మారేదా, ఇదంతా తరువాత రాసింది. నేను ఆ ఊళ్లో 19 ఏళ్లుగా ఉన్నా, ఆ డబ్బా సంగతి నాకు తెలియదు.

డల్లాస్_శ్రీను
జగిత్యాల అక్కా, ఇది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను.

పాతబస్తీ_బిడ్డ
మా ఇంట్లో ఇద్దరు మామయ్యలు జెద్దాలో. ఆ పిల్ల రిపోర్ట్ ఇవ్వడానికి వీలైతే చదవాలని ఉంది.

జగిత్యాల_కోడలు
ఫలితాలు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకూడదన్నారట. వచ్చాక అడుగుతా.

మణికొండ_మూర్తి
నా అభిప్రాయం పూర్తిగా మారింది అనను. ఇంట్లో వెనక ఆస్తి లేని పిల్లకి నేను ఇప్పటికీ కంప్యూటర్ సైన్స్ ముందు అనే చెబుతాను. కానీ రెండూ కలిపి తీసుకోవచ్చని నాకు తెలియదు, ఆ కుర్రాడు చెప్పింది మంచి దారి. నిజాంపేట్ అమ్మగారూ, గ్లోబల్ పాలిటిక్స్‌తో పాటు కంప్యూటర్ సైన్స్, మ్యాథ్స్ ఉంచండి. మీవారితో మాట్లాడాలంటే నా నంబర్ అడ్మిన్ దగ్గర ఉంది, నాలాంటి తండ్రి మాట ఆయనకి తొందరగా ఎక్కుతుంది.

ఐబీ_కొత్త_బ్యాచ్
కుర్రాడు కాదు అంకుల్, అమ్మాయిని.

మణికొండ_మూర్తి
అయ్యో, సారీ తల్లీ.

నిజాంపేట్_అమ్మ
శుక్రవారం ఫారం ఇచ్చేశాం. తార్నాక తల్లి గారు చెప్పినట్టు బుధవారమే స్కూలుకి వెళ్లి ఆ టీచర్‌ని కలిశాను. నాలుగేళ్లుగా ఇదే చెబుతున్నారట, ఈసారి పదకొండు మంది చేరుతున్నారు. మా ఆయన్ని కూడా తీసుకెళ్లాను. ఆయన సూటిగా "మీది ఏ పార్టీ మేడం" అని అడిగేశారు, నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా, "మా పిల్లలకే ఇంతవరకు తెలియదు, మీకెలా చెప్పనండీ" అన్నారు. ఈయన మొదటిసారి నవ్వారు. ఇంగ్లిష్, ఎకనామిక్స్, గ్లోబల్ పాలిటిక్స్ హయ్యర్, హిందీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ స్టాండర్డ్ పెట్టాం. ఎకనామిక్స్ గ్రూప్ 6 బదులు. మూర్తి గారికీ, ఐబీ అమ్మాయికీ ఇద్దరికీ రుణపడి ఉన్నాం.

సివిక్స్_టీచర్_22
చాలా సంతోషం. సెలవుల్లో ఏ పుస్తకమూ కొనకండి, రోజూ ఒకే వార్తని రెండు పత్రికల్లో చదివించండి. తేడా ఎక్కడుందో పెన్సిల్‌తో గీత గీయమనండి, చాలు.

నిజాంపేట్_అమ్మ
రెండు నెలలకి మళ్లీ రాస్తున్నా. క్లాసులు మొదలయ్యాయి. జగిత్యాల అక్క రాసింది మా అమ్మాయి ఎన్నిసార్లు చదివిందో. మా మామయ్య గారు 1979లో మస్కట్ వెళ్లి 11 ఏళ్లు అక్కడ పనిచేశారు, రెండేళ్లకోసారి వచ్చేవారు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆదివారం ఇది ఫోన్ చేసి, "నానమ్మా, తాతయ్య లేనప్పుడు ఇల్లు ఎవరు నడిపారు, డబ్బులు ఎలా వచ్చేవి, ఆయన పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది" అని ఒక్కొక్కటే అడిగింది. రాజకీయాలెందుకే అన్న మనిషి గంటన్నర మాట్లాడింది. పాస్‌పోర్టు సేటు దగ్గరే ఉండేదట, వాళ్ల నాన్న చనిపోతే కూడా రాలేకపోయారట. మా ఆయన పక్కనే కూర్చుని విన్నారు, ఆయనకీ ఇది తెలియదు, అప్పుడు ఆయనకి నాలుగేళ్లు.

అత్తయ్య దగ్గర తాతయ్య పంపిన క్యాసెట్లు 14 ఉన్నాయట. అత్తయ్యకి ఉత్తరం చదవడం రాదని ఆయన తన గొంతు రికార్డ్ చేసి ఊరికొచ్చేవాళ్లతో పంపేవారట. ట్రంకుపెట్టె అడుగున పాత చీరలో చుట్టి పెట్టింది. నిన్న బస్సులో పంపించింది. ఇంట్లో అవి పెట్టి వినడానికి ఏమీ లేదు. ఎవరి దగ్గరైనా పనిచేసే టేప్ రికార్డర్ ఉందా? రీలు అంటుకుపోయిందేమో అని భయంగా ఉంది, తెలిసినవాళ్లు చెబితే తప్ప తిప్పము.

హెచ్ఈసీ_హరి
అసలు తిప్పకండి. కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్లి అడగండి, పాత టేపులు చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముందు ఒక్కటే ఇవ్వండి, అన్నీ ఒకేసారి ఇవ్వొద్దు.

బర్కత్‌పుర_రిటైర్డ్
మా ఇంట్లో పనిచేసే టేప్ రికార్డర్ ఉంది. కోఠికి ఇక్కడి నుంచి దగ్గరే. అమ్మాయిని తీసుకుని ఆదివారం రండి తల్లీ, తనకి ఆ కిటికీ కూడా చూపిస్తాను.